విండోస్ మళ్లీ వేశాక కూడా కంప్యూటర్ ఆలస్యంగా ఆన్ అవుతోందా? ఎక్కడ ఆగుతోందో పట్టుకుని సరిచేసే పద్ధతి

"ఫార్మాట్ చేసి విండోస్ కొత్తగా ఎక్కించాను, అయినా ఆన్ అవడానికి రెండు నిమిషాలు పడుతోంది, ఇప్పుడేం చేయాలి?" ఈ ప్రశ్న పదేపదే వస్తోంది కాబట్టి ఈసారి మొదటి నుంచి చివరి దాకా వరసగా రాస్తున్నాను.

ఒక్క ముక్కలో చెప్పే జవాబు దీనికి లేదు. పవర్ బటన్ నొక్కినప్పటి నుంచి డెస్క్‌టాప్ మన చేతికి వచ్చే దాకా మూడు దశలుంటాయి, ఒక్కో దశలో ఆలస్యానికి కారణం వేరు, చేయాల్సిన పని వేరు. ఎక్కడ ఆగుతోందో చూడకుండా దొరికిన చిట్కాలన్నీ చేసుకుంటూ పోతే సమయం పోవడమే కాదు, బాగున్నది కూడా పాడవుతుంది. అందుకే ముందు కొలవాలి, తర్వాతే ముట్టుకోవాలి.

ఇక్కడ చెప్పేవి విండోస్ 10, విండోస్ 11 రెండింటికీ పనికొస్తాయి. మెనూల పేర్లు స్క్రీన్ మీద ఇంగ్లిష్‌లో ఎలా కనిపిస్తాయో అలాగే తెలుగు లిపిలో రాశాను.

## 1. నిన్ననో మొన్ననో వేశారా? ముందు రెండు రోజులు ఆగండి

కొత్తగా వేసిన విండోస్ మొదటి ఒకటి రెండు రోజులు లోపల చాలా పనులు చేసుకుంటుంది. అప్‌డేట్లు దింపుకుంటుంది, డ్రైవర్లు (ఒక్కో హార్డ్‌వేర్ భాగాన్ని నడిపే ప్రోగ్రామ్‌లు) వెతుక్కుంటుంది, సెర్చ్ కోసం ఫైళ్లన్నింటినీ ఇండెక్స్ చేస్తుంది, డిఫెండర్ (విండోస్ సొంత యాంటీవైరస్) స్కాన్ నడుస్తుంది, వన్‌డ్రైవ్ వాడితే పాత ఫైళ్లు సింక్ అవుతుంటాయి. కొన్ని కంప్యూటర్లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవగానే డ్రైవ్ ఎన్‌క్రిప్షన్ (కీ లేకుండా ఎవరూ చదవలేకుండా డిస్క్‌కు తాళం వేయడం) కూడా దానంతటదే మొదలవుతుంది.

ఈ పనులన్నీ అయ్యే దాకా కొలిచిన లెక్కకు విలువ లేదు. ఛార్జర్ పెట్టి, ఇంటర్నెట్ కలిపి, స్లీప్‌లోకి పోకుండా చూసి కొన్ని గంటలు వదిలేయండి. విండోస్ అప్‌డేట్‌లోకి వెళ్లి ఇక కొత్తవేమీ లేవు అని వచ్చే దాకా "చెక్ ఫర్ అప్‌డేట్స్" నొక్కుతూ, అడిగినప్పుడల్లా రీస్టార్ట్ చేయండి.

## 2. మొదలుపెట్టే ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

ఈ భాగాన్ని దాటేయకండి. ముఖ్యంగా రెండోది. బయోస్‌లో (విండోస్ కంటే ముందు కంప్యూటర్‌ను మొదలుపెట్టే, మదర్‌బోర్డ్‌లోని ప్రోగ్రామ్) ఏదో ఒక సెట్టింగ్ మార్చి రీస్టార్ట్ చేయగానే నీలం స్క్రీన్ మీద 48 అంకెల రికవరీ కీ అడిగితే, అది దగ్గర లేకపోతే మీ ఫైళ్లు మీకే దొరకవు.

- ముఖ్యమైన ఫైళ్లన్నీ మరో డిస్క్‌లోకి కాపీ చేసి ఉంచారా?
- బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో చూశారా? ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకున్నారా?
- విండోస్ పిన్ ఒక్కటే కాకుండా అసలు పాస్‌వర్డ్ కూడా గుర్తుందా? సేఫ్ మోడ్‌లో (అత్యవసరమైన భాగాలతో మాత్రమే విండోస్ నడిచే పద్ధతి) పిన్ పనిచేయకపోవచ్చు.
- మీ మోడల్ నంబర్ తెలుసా? డ్రైవర్ల కోసం కావాలి.
- పక్కన ఒక నోట్‌బుక్, ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉన్నాయా?

నోట్‌బుక్ ఎందుకంటే, ఒకసారికి ఒక్క మార్పే చేసి ఫలితం రాసుకోవాలి. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తేల్చుకోలేరు.

## 3. ఏ దశలో ఆగుతోందో కొలవండి

కొలిచేటప్పుడు షట్‌డౌన్ చేసి ఆన్ చేయకండి, స్టార్ట్ మెనూలోంచి రీస్టార్ట్ కొట్టండి. ఫాస్ట్ స్టార్టప్ అనే సౌకర్యం ఉంటే షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ లోపలి భాగాన్ని డిస్క్‌లో దాచిపెట్టి, మళ్లీ ఆన్ చేయగానే దాన్నే తిరిగి తెచ్చుకుంటుంది. రీస్టార్ట్‌లో అలా జరగదు, అంతా మొదటి నుంచి లోడ్ అవుతుంది. అసలు సంగతి అప్పుడే తెలుస్తుంది.

స్టాప్‌వాచ్‌తో మూడు సమయాలు రాసుకోండి.

- మొదటి దశ: స్క్రీన్ నల్లబడి కంప్యూటర్ తిరిగి మొదలైన క్షణం నుంచి, కంపెనీ లోగో కింద చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలయ్యే దాకా. చుక్కలు తిరుగుతున్నాయంటే విండోస్ చేతిలోకి వచ్చినట్టు. అంతకు ముందు పోయే సమయంలో ఎక్కువ భాగం బయోస్ ఖాతాలోదే.
- రెండో దశ: చుక్కలు మొదలైనప్పటి నుంచి లాగిన్ స్క్రీన్ దాకా.
- మూడో దశ: పాస్‌వర్డ్ కొట్టినప్పటి నుంచి, ఏదైనా ఫోల్డర్ మీద క్లిక్ చేస్తే తడుముకోకుండా తెరుచుకునే దాకా.

మూడుసార్లు కొలవండి. ఒక్కసారి కొలిచింది నమ్మలేం.

విండోస్ కూడా తన లెక్క తను రాసుకుంటుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో స్టార్టప్ ట్యాబ్‌లో పైన కుడివైపు "లాస్ట్ బయోస్ టైమ్" అని సెకన్లలో కనిపిస్తుంది. లెగసీ (పాతకాలపు బయోస్) పద్ధతిలో నడిచే కంప్యూటర్లలో అది కనిపించకపోవచ్చు.

ఇంకా లోతుగా చూడాలంటే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్, మైక్రోసాఫ్ట్, విండోస్, డయాగ్నస్టిక్స్-పెర్ఫార్మెన్స్, ఆపరేషనల్ దాకా వెళ్లండి. ఈవెంట్ 100లో బూట్‌కు పట్టిన సమయం మిల్లీసెకన్లలో ఉంటుంది, అంటే 45000 అని ఉంటే 45 సెకన్లు. ఆ దగ్గర్లోనే 101 ఉంటే ఏదో ప్రోగ్రామ్, 102 ఉంటే డ్రైవర్, 103 ఉంటే సర్వీస్ (తెర వెనక నడిచే ప్రోగ్రామ్) ఆలస్యం చేసిందని అర్థం, పేరు కూడా అందులోనే ఉంటుంది. నా ఉద్దేశంలో ఇంతకంటే పనికొచ్చే ఆధారం ఇంకొకటి లేదు, చాలామంది దీన్ని తెరిచి కూడా చూడరు.

ఎంత ఉంటే మామూలు అంటే, ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగమైన డిస్క్) ఉన్న కంప్యూటర్ అర నిమిషంలోపే లాగిన్ దాకా రావాలి. పాత హార్డ్‌డిస్క్ మీదైతే ఒకటి రెండు నిమిషాలు పట్టడం జబ్బు కాదు, ఆ డిస్క్ వేగమే అంత.

## 4. మొదటి దశలో ఆగుతుంటే: బయోస్, బూట్ ఆర్డర్, పాత డిస్క్

లాస్ట్ బయోస్ టైమ్ 10-15 సెకన్లు ఉంటే నేనైతే వదిలేస్తాను. 25, 30 దాటితే చూడాల్సిందే.

మొదట కీబోర్డ్, మౌస్ తప్ప మిగతా యూఎస్‌బీ వస్తువులన్నీ పీకేసి కొలవండి. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్, ప్రింటర్, కార్డ్ రీడర్, విండోస్ వేయడానికి వాడి అలాగే మర్చిపోయిన పెన్‌డ్రైవ్, వీటిలో ఏదైనా బయోస్‌ను ఆపేయగలదు. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయని చెప్పను కానీ, అర నిమిషం పని కాబట్టి ముందు ఇదే చేయాలి.

తర్వాత బయోస్‌లోకి వెళ్లండి. ఎఫ్2 లేదా డిలీట్ కీతో చాలా వాటిలో తెరుచుకుంటుంది. కీ పట్టకపోతే విండోస్‌లో షిఫ్ట్ నొక్కి ఉంచి రీస్టార్ట్ కొట్టండి, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్ అని వరసగా వస్తుంది (యూఈఎఫ్‌ఐ అంటే పాత బయోస్ స్థానంలో వచ్చిన కొత్త తరం పద్ధతి). అక్కడ చూడాల్సినవి:

- బూట్ ఆర్డర్‌లో మొట్టమొదట "విండోస్ బూట్ మేనేజర్" ఉందా? దాని పక్కన సరైన డిస్క్ పేరే ఉందా?
- నెట్‌వర్క్ బూట్ లేదా పీఎక్స్‌ఈ ఆన్‌లో ఉందా? ఇంట్లో వాడే కంప్యూటర్‌కు అక్కర్లేదు, ఆపేయండి.
- ఫాస్ట్ బూట్ అనే ఆప్షన్ ఉంటే ఆన్ చేయండి. ఇది విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్ కాదు, రెండూ వేర్వేరు.

బయోస్ అప్‌డేట్ చేశాకో, ర్యామ్ మార్చాకో మొదటిసారి ఆన్ చేసినప్పుడు, ముఖ్యంగా డీడీఆర్5 ర్యామ్ ఉన్న డెస్క్‌టాప్‌లలో, కొన్ని నిమిషాలు స్క్రీన్ నల్లగా ఉండిపోవచ్చు. ర్యామ్‌ను సరిచూసుకుంటోందన్నమాట. టెన్షన్ పడి మధ్యలో పవర్ తీసేయకండి.

ఇక అసలు దొంగ: పాత డిస్క్ మీద ఉండిపోయిన బూట్‌లోడర్, అంటే విండోస్‌ను మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎస్‌ఎస్‌డీ కొత్తగా పెట్టి విండోస్ వేసుకున్నవాళ్లలో దీన్ని నేను మళ్లీ మళ్లీ చూశాను.

మా బాబాయి డెస్క్‌టాప్‌కు కొత్త ఎస్‌ఎస్‌డీ పెట్టి, విండోస్ దాని మీదే వేశారు. అయినా లాగిన్ రావడానికి 1 నిమిషం 50 సెకన్లు. దగ్గర కూర్చుని స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే, మొదట చాలాసేపు నల్ల స్క్రీన్, ఆ సమయంలో క్యాబినెట్‌లోంచి పాత హార్డ్‌డిస్క్ కరకరమని తిరుగుతున్న చప్పుడు. ఆ తర్వాత నీలం స్క్రీన్ మీద రెండు విండోస్ పేర్లు, కింద 30 నుంచి ఒక్కో అంకె తగ్గుతూ ఉంది. అది అయ్యాక చుక్కలు ఇలా వచ్చి అలా పోయాయి, లాగిన్ వచ్చేసింది. అంటే ఎస్‌ఎస్‌డీ తన పని బాగానే చేస్తోంది, దాని వంతు రావడమే ఆలస్యం.

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే కారణం కళ్లముందే ఉంది. డిస్క్ 0 అని ఉన్న పాత హార్డ్‌డిస్క్ మొదట్లో 100 ఎంబీల చిన్న గడి, దాని మీద "ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్" అని రాసి ఉంది, బూట్‌లోడర్ ఉండే భాగం అదే. డిస్క్ 1 అయిన ఎస్‌ఎస్‌డీలో సీ డ్రైవ్, రికవరీ భాగం మాత్రమే ఉన్నాయి. విండోస్ వేసేటప్పుడు రెండు డిస్క్‌లూ కలిపి ఉండడంతో, సెటప్ పాత డిస్క్ మీద అప్పటికే ఉన్న బూట్ భాగాన్నే వాడేసుకుంది.

మీ దగ్గరా ఇలాగే ఉందేమో ఇలా తేల్చుకోండి:

- కంప్యూటర్ ఆపి, పవర్ కేబుల్ పీకండి.
- పాత డిస్క్ కేబుల్ తీసేయండి. డేటా ఏమీ పోదు.
- ఆన్ చేయండి. బూట్ చేయడానికి డిస్క్ దొరకలేదని వస్తే బూట్‌లోడర్ పాత దాని మీదే ఉందని రుజువైనట్టే.

సరిచేయడానికి రెండు దారులు. కమాండ్ ప్రాంప్ట్ అలవాటున్నవాళ్లు ఎస్‌ఎస్‌డీ మీద చిన్న ఈఎఫ్‌ఐ భాగం చేసి బీసీడీబూట్ అనే టూల్‌తో బూట్ ఫైళ్లు రాసుకోవచ్చు. కానీ విండోస్ ఎలాగూ ఈమధ్యే వేశారు, ఇంకా పెద్దగా ఏమీ ఎక్కించలేదు కాబట్టి, పాత డిస్క్ పీకేసి ఎస్‌ఎస్‌డీ ఒక్కటే ఉంచి మళ్లీ వేసుకోవడమే శుభ్రమైన పని అంటాను. బాబాయి కంప్యూటర్‌కు అదే చేశాం, ఆ తర్వాత 22 సెకన్లకు వచ్చింది. పాత డిస్క్ తిరిగి తగిలించాక బూట్ ఆర్డర్‌లో ఎస్‌ఎస్‌డీనే మొదట ఉందో లేదో ఇంకోసారి చూసుకోండి.

స్టార్ట్‌లో "సిస్టమ్ ఇన్ఫర్మేషన్" అని వెతికి తెరిస్తే బయోస్ మోడ్ అనే వరస ఉంటుంది. మీ కంప్యూటర్‌కు యూఈఎఫ్‌ఐ ఉన్నా అక్కడ లెగసీ అని కనిపిస్తే, పెన్‌డ్రైవ్‌ను తప్పు పద్ధతిలో బూట్ చేసి వేశారన్నమాట. దీనికీ మళ్లీ వేయడమే తేలిక. బూట్ మెనూలో అదే పెన్‌డ్రైవ్ రెండు పేర్లతో కనిపిస్తే, ముందు యూఈఎఫ్‌ఐ అని ఉన్నదాన్ని ఎంచుకోండి.

## 5. రెండు విండోస్‌లు చూపించి 30 సెకన్లు ఆగుతుంటే

పాత విండోస్ పేరు బూట్ జాబితాలో ఉండిపోవడం వల్ల ఇది వస్తుంది. రెండు నిమిషాల పని.

స్టార్ట్‌లో "సిస్టమ్ కాన్ఫిగరేషన్" తెరిచి బూట్ ట్యాబ్‌కు వెళ్లండి. "కరెంట్ ఓఎస్" అని రాసి ఉన్నది మీరిప్పుడు వాడుతున్నది, దాన్ని అస్సలు ముట్టుకోకండి. రెండోదాన్ని ఎంచుకుని డిలీట్ కొట్టి, అప్లై చేసి రీస్టార్ట్ చేయండి. రెండూ కావాలనుకుంటే టైమ్‌అవుట్‌ను 3 సెకన్లకు తగ్గించుకోండి.

## 6. చుక్కలు తిరుగుతూనే ఉంటే: డ్రైవర్లు, డిస్క్ ఆరోగ్యం

డివైస్ మేనేజర్ తెరవండి. పసుపు త్రికోణం గుర్తు ఎక్కడైనా ఉందా? డిస్‌ప్లే అడాప్టర్స్ కింద మీ గ్రాఫిక్స్ కార్డ్ పేరు కాకుండా "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని ఉందా? ఉంటే డ్రైవర్లు పూర్తిగా పడలేదు.

కంప్యూటర్ తయారుచేసిన కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్ పేజీకి వెళ్లి ఈ వరసలో వేసుకోండి, ఒక్కోదాని తర్వాత రీస్టార్ట్ చేస్తూ:

- చిప్‌సెట్
- స్టోరేజ్
- గ్రాఫిక్స్
- నెట్‌వర్క్, బ్లూటూత్, ఆడియో

డ్రైవర్లు వాటంతటవే వెతికి పెడతామనే ప్రోగ్రామ్‌లు వాడకండి. తప్పు డ్రైవర్ వేసి వెళ్లిపోతాయి, దాన్ని వెతికి తీయడం మళ్లీ మన నెత్తి మీదే పడుతుంది.

సాటా డిస్క్ (సాటా కేబుల్‌తో తగిలించేది) ఉండి, బయోస్‌లో సాటా మోడ్ ఐడీఈ అనే పాత పద్ధతిలో ఉంటే అది ఏహెచ్‌సీఐ అనే కొత్త పద్ధతికి మారాలి. కానీ నేరుగా మారిస్తే విండోస్ నీలం స్క్రీన్‌తో ఆగిపోవచ్చు. ముందు సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టండి, రీస్టార్ట్ చేస్తూ బయోస్‌లోకి వెళ్లి ఏహెచ్‌సీఐకి మార్చండి, సేఫ్ మోడ్‌లోకి ఒకసారి రానివ్వండి, తర్వాత టిక్ తీసి మళ్లీ రీస్టార్ట్ చేయండి. రెయిడ్ లేదా ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ అని ఉంటే మాత్రం ఊరికే మార్చకండి, దానికి తగిన స్టోరేజ్ డ్రైవర్ వేస్తే చాలు.

ఇప్పుడు అందరూ దాటేసే ప్రశ్న. అసలు విండోస్ ఎందుకు మళ్లీ వేశారు? "కంప్యూటర్ నెమ్మదించింది కాబట్టి" అన్నది మీ జవాబైతే, మొదటి నుంచీ తప్పు డిస్క్‌దే అయి ఉండొచ్చు. చెడిపోతున్న డిస్క్ మీద ఎన్నిసార్లు విండోస్ వేసినా అంతే.

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి చూడండి. గుడ్ అని నీలంలో ఉంటే సరే. కాషన్ అని పసుపులో ఉంటే వివరాల్లోకి వెళ్లాలి. సాటా డిస్క్‌లలో 05, సీ5, సీ6 వరసల దగ్గర సున్నా కాకుండా అంకెలు ఉంటే డిస్క్ మీద చోట్లు పాడవుతున్నాయి. సీ7 ఒక్కటే పెరుగుతుంటే డిస్క్ కాదు, ఎక్కువసార్లు సాటా కేబుల్‌దే తప్పు, కేబుల్ మార్చి చూడండి.

ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్ కింద సిస్టమ్‌లో కూడా వెతకండి. డిస్క్ పేరుతో 7, 153 నంబర్లు, లేదా స్టోరేజ్ డ్రైవర్ పేరుతో 129 మాటిమాటికీ కనిపిస్తే డిస్క్ అడిగిన వెంటనే జవాబివ్వడం లేదని అర్థం. అలా ఉంటే మిగతా చిట్కాలన్నీ పక్కనపెట్టి ముందు డేటా కాపీ చేసుకోండి.

## 7. లాగిన్ అయ్యాక నత్తనడకన నడుస్తుంటే

టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ ట్యాబ్. "స్టార్టప్ ఇంపాక్ట్" కింద హై అని ఉన్నవాటిలో రోజూ ఆన్ చేసిన వెంటనే అవసరం లేనివన్నీ డిసేబుల్ చేయండి. డిసేబుల్ చేస్తే ప్రోగ్రామ్ పోదు, మీరు తెరిచినప్పుడే నడుస్తుంది. టచ్‌ప్యాడ్, ఆడియోకు సంబంధించినవి ఉంచేయండి.

సెట్టింగ్స్‌లో అకౌంట్స్, సైన్-ఇన్ ఆప్షన్స్‌లోకి వెళ్తే, రీస్టార్ట్‌కు ముందు తెరిచి ఉన్న యాప్‌లను మళ్లీ తెరిచే ఆప్షన్ ఒకటుంటుంది. అది ఆఫ్ చేయండి. యాంటీవైరస్ ఒక్కటే ఉండాలి, రెండు వేసుంటే ఒకటి తీసేయండి.

ఇంతకీ తగ్గకపోతే క్లీన్ బూట్ చేయాలి:

- సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో సర్వీసెస్ ట్యాబ్ తెరవండి.
- మొదట "హైడ్ ఆల్ మైక్రోసాఫ్ట్ సర్వీసెస్" టిక్ పెట్టండి. ఇది మర్చిపోతే విండోస్ సొంత సర్వీసులు కూడా ఆగిపోతాయి.
- తర్వాత డిసేబుల్ ఆల్. స్టార్టప్ యాప్‌లు కూడా అన్నీ డిసేబుల్.
- రీస్టార్ట్ చేసి కొలవండి.

వేగంగా వస్తే దోషి ఆ జాబితాలోనే ఉంది. సగం సర్వీసులు ఆన్ చేసి కొలవండి, మళ్లీ నెమ్మదిస్తే ఆ సగంలోనే ఉంది, దాన్ని మళ్లీ సగం చేయండి. ఇరవై సర్వీసులున్నా నాలుగైదు రీస్టార్ట్‌లలో దొరికిపోతుంది. దొరికాక మిగతావన్నీ తిరిగి ఆన్ చేయడం మర్చిపోకండి.

సీ డ్రైవ్‌లో ఖాళీ కూడా చూడండి. విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్ పాత విండోస్‌ది, అందులో మీ ఫైళ్లు ఏమైనా మిగిలాయేమో చూసుకుని స్టోరేజ్ సెట్టింగ్స్‌లో టెంపరరీ ఫైల్స్ నుంచి తీసేయండి.

## 8. ఫాస్ట్ స్టార్టప్: ఉంచాలా, తీయాలా?

హార్డ్‌డిస్క్ ఉన్నవాళ్లు ఉంచుకోండి, తేడా బాగా తెలుస్తుంది. ఎస్‌ఎస్‌డీ ఉంటే లాభం తక్కువ. రీస్టార్ట్ చేస్తే త్వరగా వచ్చి, షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే మాత్రం ఆలస్యమవుతుంటే తప్పు దీనిదే కావచ్చు, ఆపి చూడండి. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, "చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డు"లో ఉంటుంది. టిక్ బూడిద రంగులో ఉంటే పైన ఉన్న "చేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అన్‌అవైలబుల్" నొక్కాలి. అదే కంప్యూటర్‌లో లైనక్స్ కూడా ఉంటే ఆపేయడమే క్షేమం.

## 9. ఇవి చేయకండి

సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో "నంబర్ ఆఫ్ ప్రాసెసర్స్" పెంచితే వేగం వస్తుందని చాలా చోట్ల చెప్తుంటారు. రాదు. విండోస్ మామూలుగానే అన్ని కోర్లూ వాడుతుంది, ఆ సెట్టింగ్ ఉన్నది తగ్గించి పరీక్షించడానికి. ప్రీఫెచ్ ఫోల్డర్ (ప్రోగ్రామ్‌లు త్వరగా తెరుచుకోవడానికి విండోస్ దాచుకునే సమాచారం) ఖాళీ చేస్తే తర్వాతి బూట్ ఇంకా నెమ్మదిస్తుంది. రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగ్‌లు దాచుకునే చోటు) క్లీనర్లకు కొత్తగా వేసిన విండోస్‌లో శుభ్రం చేయడానికి ఏమీ ఉండదు, చెడగొట్టడానికి మాత్రం చాలా ఉంటుంది.

## 10. అన్నీ చూశాక కూడా తేలకపోతే

డిస్క్ ఆరోగ్యంగా ఉందని తేలిన తర్వాతే ఈ పని. ఒకే డిస్క్ కలిపి ఉంచి, యూఈఎఫ్‌ఐ పద్ధతిలో, మైక్రోసాఫ్ట్ సొంత టూల్‌తో చేసిన పెన్‌డ్రైవ్ నుంచి మళ్లీ వేయండి. సెటప్‌లో ఆ డిస్క్ మీది పార్టిషన్‌లన్నీ తీసేసి ఖాళీ చోటును ఎంచుకుంటే కావాల్సిన భాగాలు అదే చేసుకుంటుంది. అందులో ఉన్నదంతా పోతుంది కాబట్టి కాపీ తీసుకున్నారని రెండోసారి నిర్ధారించుకోండి.

వేశాక ఇంకేమీ ఎక్కించకుండా ఒకసారి కొలవండి. అప్‌డేట్ల తర్వాత ఒకసారి, ప్రతి డ్రైవర్ తర్వాత ఒకసారి, మీరు వాడే ఒక్కో పెద్ద ప్రోగ్రామ్ తర్వాత ఒకసారి కొలిచి నోట్‌బుక్‌లో రాసుకుంటూ పోండి. 20 సెకన్లు ఉన్నది ఏ అడుగు దగ్గర 60కి దూకిందో ఆ పేజీలోనే కనిపిస్తుంది, అప్పుడు తీయాల్సింది ఆ ఒక్కటే.